నీళ్లు నిలవని రోడ్డే నిలిచే రోడ్డు

గ్రామసభ ఏ ఊళ్లో జరిగినా ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది: "మా రోడ్డుకు ఇంకో నాలుగు ట్రక్కుల గ్రావెల్ తోలించండి." తోలిస్తారు. తొలకరి పడుతుంది. తోలిన గ్రావెల్ బురదలో కలుస్తుంది. మరుసటి ఏడాది మళ్లీ అదే సభ, అదే మాట. పోసిన గ్రావెల్ ఎక్కడికి పోతోందని అడిగేవాళ్లు మాత్రం తక్కువ.

ఈ పూట ఆ సంగతే మాట్లాడుకుందాం. జవాబు ముందే చెప్పేస్తాను. పల్లె రోడ్డుకు బండ్లకన్నా పెద్ద శత్రువు నీళ్లు. నీళ్లు పక్కకు జారిపోయే ఆకారం ఉన్నంతకాలం ఎర్రమట్టి రోడ్డయినా నిలుస్తుంది. ఆ ఆకారం చెడిందా, దాని మీద ఎన్ని ట్రక్కులు పోసినా దండగే. రోడ్డుకు మందం అవసరమే, కానీ ఆకారం అంతకన్నా అవసరం. ఆ ఆకారాన్ని కాపాడటం కంట్రాక్టరు ఒక్కసారి చేసి వెళ్లిపోయే పని కాదు. ఊరు ఏటా చేసుకోవలసిన పని.

గ్రావెల్ రోడ్డంటే తారూ సిమెంటూ లేని రోడ్డు. కొన్నిచోట్ల మొరం రోడ్డంటారు. పాత పుంతల మీద, డొంకల మీద, బండిబాటల మీద వేసినవే వీటిలో చాలావరకు. 2000 డిసెంబరు 25న ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన మొదలైంది. మైదాన ప్రాంతాల్లో 500 జనాభా, కొండ, గిరిజన ప్రాంతాల్లో 250 జనాభా దాటిన ఆవాసాలకు అన్ని కాలాల్లో తిరగగల రోడ్డు వేయాలన్నది దాని లక్ష్యం. తారు రోడ్డు ఎన్నో ఊళ్ల మొగదాకా వచ్చింది. అక్కడినుంచి చేనుకు పోయే దారి, శివారు తండాకు, గూడేనికి పోయే దారి చాలాచోట్ల ఇప్పటికీ మట్టిదో గ్రావెల్‌దో. ఎరువుల బస్తా వెళ్లేదీ, కోసిన ధాన్యం ఇంటికి వచ్చేదీ ఆ దారినే. మన్యంలో అయితే ఆ దారి లేకపోతే రోగిని డోలీ కట్టి మోసుకురావాలి.

గ్రావెల్ రోడ్డును చిన్నచూపు చూడనక్కర్లేదు. రోజుకు వంద లోపు మోటారు బండ్లు తిరిగే దారికి, మంచి గ్రావెల్ దగ్గర్లో దొరికే చోట అది సరైన రోడ్డే. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వాళ్లు 2008లో గ్రావెల్ రోడ్ల డిజైన్, నిర్మాణం, నిర్వహణ కోసమే ఒక మాన్యువల్ తెచ్చారు. ఎస్‌పీ 77 అంటారు దాన్ని. అంటే ఇది ట్రాక్టరుతో మట్టి పోసి చదును చేస్తే అయిపోయే వ్యవహారం కాదు, దీనికీ ఒక లెక్క ఉంది.

ఆ లెక్కలో మొదటిది వాలు. పెంకుటింటి కప్పును తలచుకోండి. నడిమిన వెన్ను ఎత్తుగా ఉంటుంది, రెండు పక్కలా వాలుంటుంది, చూరు నుంచి నీళ్లు కిందికి జారి దూరంగా పోతాయి. గ్రావెల్ రోడ్డుకూ ఈ మూడూ ఉండాలి. నడిమి ఎత్తును ఇంజనీర్లు క్యాంబర్ అంటారు. తారు రోడ్డుకు ఈ వాలు నూటికి రెండున్నర, మూడు ఉన్నా సరిపోతుంది, ఎందుకంటే తారులోకి నీరు దిగదు. గ్రావెల్‌లోకి దిగుతుంది. కాబట్టి దాని వాలు నూటికి నాలుగు దాకా ఉండాలి.

ఇది ఇంజనీరు మాత్రమే కొలవగలిగేది కాదు. మన పల్లె రోడ్డు వెడల్పు సాధారణంగా 3.75 మీటర్లు. నడిమి నుంచి అంచుకు అందులో సగం. దానికి నూటికి నాలుగు చొప్పున వాలు కడితే ఏడున్నర సెంటీమీటర్లు, అంటే మూడు అంగుళాలు. తాపీమేస్త్రి దగ్గర ఉండే లెవెల్ పైపు తీసుకోండి. ఒక కొస రోడ్డు నడుమ, ఇంకో కొస అంచున పెట్టి చూడండి. అంచు మూడు అంగుళాలు దిగువన ఉంటే వాలు బాగున్నట్టు. అంగుళమే ఉంటే, వచ్చే వానకు ఆ రోడ్డు మీద మడుగులు కట్టడం ఖాయం. వాలు మరీ ఎక్కువైనా చిక్కే. పక్కకు ఒరుగుతుందేమోనని బండ్లన్నీ నడిమినే నడుస్తాయి, అక్కడ రెండు చాళ్లు పడతాయి, నీళ్లు ఆ చాళ్ల వెంటే పారతాయి.

రెండోది అంచు. రోడ్డు మీంచి జారిన నీరు, పక్కన వదిలిన మార్జిన్ దాటి కాలువలో పడాలి. చాలా ఊళ్లలో మార్జిన్ మీద గడ్డి పెరిగి, కొట్టుకొచ్చిన మట్టి దాన్ని పట్టుకుని, నాలుగైదేళ్లలో చిన్న గట్టు తయారవుతుంది. రోడ్డు మీద వాలు ఎంత చక్కగా ఉన్నా నీళ్లు ఆ గట్టు దగ్గర ఆగి, రోడ్డు అంచునే పొడుగునా పారుతూ గ్రావెల్‌ను కోసుకుపోతాయి. అడ్డుగా ఉన్న ఆ జానెడు గట్టును పారతో కొట్టేస్తే ఖర్చు లేకుండా రోడ్డు ఆయుష్షు పెరుగుతుంది. మార్జిన్ వాలు రోడ్డు వాలుకన్నా మరికాస్త ఎక్కువగా ఉండాలని కూడా గుర్తుంచుకోండి.

మూడోది పక్క కాలువ. దాని అడుగు రోడ్డు పునాదికన్నా దిగువన ఉండాలి. లేకపోతే కాలువలో నిలిచిన నీళ్లు పునాదిలోకి ఊరతాయి. ఇంకొక లోపం తరచూ కనిపిస్తుంది. కాలువ తవ్వుతారు గాని, దాన్ని ఒక వాగులోకో చెరువులోకో తీసుకెళ్లి కలపరు. బయటికి దారి లేని కాలువ, రోడ్డు పక్కన తవ్విన పొడుగాటి గుంటే అవుతుంది. నీళ్లు రోడ్డును దాటవలసిన చోట తూమో కల్వర్టో ఉండాలి. ఏడాదిలో కొద్ది రోజులే వాగు పారే చోట రాతిదో కాంక్రీటుదో చప్టా వేస్తే తక్కువ ఖర్చుతో పోతుంది.

డెల్టాలో ఈ సమస్య మరో రకంగా ఉంటుంది. రెండు పక్కలా వరిచేలే, నెలల తరబడి నీళ్లు. అక్కడ రోడ్డు పునాది నీటిమట్టానికి కనీసం 60 సెంటీమీటర్ల ఎత్తున ఉండాలి. ఉభయ గోదావరి, కృష్ణా ప్రాంతాల్లో చేపల చెరువులు, రొయ్యల చెరువులు వచ్చాక కొన్నిచోట్ల రోడ్డు గట్టే చెరువు గట్టుగా మారింది. చెరువు నీరు ఏడాది పొడుగునా రోడ్డు కింద ఊరుతుంటే, పైన మేత లారీలు నడుస్తుంటే, ఏ రోడ్డయినా కుంగుతుంది. చెరువుకూ రోడ్డుకూ మధ్య ఖాళీ జాగా, కాలువ వదలమని పట్టుబట్టడం పంచాయతీ పని.

నీటిని గురించిన ఈ తెలివి ఈనాటిది కాదు. స్కాట్లండ్‌కు చెందిన జాన్ మెకాడమ్ 1816లో ఇంగ్లండులోని బ్రిస్టల్ ప్రాంతపు రోడ్ల సర్వేయరు అయ్యాడు. బండి బరువును చివరికి మోసేది కింది నేలేననీ, ఆ నేల పొడిగా ఉన్నంతకాలం ఎంత బరువైనా మోస్తుందనీ ఆయన వాదించాడు. అందుకే రోడ్డును చుట్టుపక్కల నేలకన్నా ఎత్తున లేపి, పక్కన కాలువలు తీసి, పెద్ద బండలు కాక చిన్నగా కొట్టిన కంకర పరిపించాడు. మనం కంకర రోడ్డనేదానికి ఆయనే మూలపురుషుడు. రెండు వందల ఏళ్లు దాటినా ఆ సూత్రం మారలేదు.

ఇక మట్టి సంగతి. ఎర్రగా ఉన్నదల్లా గ్రావెల్ కాదు. మంచి గ్రావెల్‌లో మూడు ఉండాలి: బరువు మోయడానికి రాయి, రాళ్ల మధ్య సందులు నింపడానికి ఇసుక, వాటిని పట్టి ఉంచడానికి కొద్దిగా జిగట మట్టి. పైపొరలో అంగుళం మించిన రాయి ఉండకూడదు. పెద్ద రాయి పైకి తేలుతుంది, చదును చేసే ట్రాక్టరు బ్లేడుకు తగిలి లేచిపోతుంది, ఆ చోట గుంత పడుతుంది. మెత్తటి మట్టి నూటికి పది పాళ్ల దరిదాపుల్లో ఉంటే బాగుంటుంది. అది మరీ ఎక్కువైతే వానకు రోడ్డు జారుడుబల్లే. మరీ తక్కువైతే ఎండాకాలంలో రాళ్లు విడిపోయి మోటారుసైకిళ్లు పక్కకు జారతాయి.

ఇంకో మెలిక. అడుగు పొరకు జిగట తక్కువ ఉండాలి, నీరు దిగి బయటికి పోవాలి గనుక. పైపొరకు జిగట కాస్త ఉండాలి, పట్టు కావాలి గనుక. ఒకే గుట్ట నుంచి తెచ్చిన మట్టిని రెంటికీ వాడితే ఏదో ఒక పొర దెబ్బతింటుంది.

మట్టిని పరీక్షించడానికి ల్యాబొరేటరీ ఉంటే మంచిదే. లేకపోతే ఒక గాజు సీసా చాలు. రాళ్లు ఏరేసిన మట్టిని సీసాలో సగం దాకా పోసి, నీళ్లు నింపి, బాగా కుదిపి ఉంచండి. ఇసుక నిమిషాల్లో అడుగుకు చేరుతుంది. బంకమట్టి గంటల తరబడి తేలి, ఆ తర్వాత పైన పొరగా కూర్చుంటుంది. ఏది ఎంత ఉందో కంటికే కనిపిస్తుంది. ట్రాక్టరు గుట్ట దగ్గరికి వెళ్లకముందే ఈ పరీక్ష చేసుకోవాలి, రోడ్డు మీద పోశాక కాదు.

నల్లరేగడి నేలల్లో మరింత జాగ్రత్త కావాలి. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలు వారుతుంది. వానాకాలంలో దాని బలం దాదాపు పోతుంది. దాని మీద నేరుగా గ్రావెల్ పోస్తే, తడిసినప్పుడు చక్రం బరువుకు గ్రావెల్ కిందికి దిగుతుంది, రేగడి పైకి లేస్తుంది. ఏటా తోలిన గ్రావెల్ మాయమైపోయే చోట్లలో ఇదొకటి. రేగడికి కొద్ది పాళ్లలో సున్నం కలిపి గట్టి చేయడం, లేదా నడుమ ఇసుకో మంచి మొరమో ఒక పొరగా వేయడం, రోడ్డును ఎత్తు చేయడం దీనికి మార్గాలు.

రోడ్డు వేసేటప్పుడు ఎక్కువగా ఎగ్గొట్టే పనులు రెండు: నీళ్లు పట్టడం, రోలింగు. పొడి మట్టిని ఎంత తొక్కించినా కూర్చోదు. మరీ తడిసినదీ కూర్చోదు. సరైన తేమకు ఒక గుర్తుంది. పిడికెడు మట్టి తీసుకుని గట్టిగా నొక్కండి. ముద్ద నిలవాలి, అరచేతికి నీళ్లు అంటకూడదు. ఈ తేమకూ గట్టిదనానికీ ఉన్న సంబంధాన్ని అమెరికా ఇంజనీరు ప్రాక్టర్ 1933లో లెక్కకట్టి చూపించాడు. నేటికీ ఆ పరీక్షను ఆయన పేరుతోనే పిలుస్తారు. ఎనిమిది నుంచి పది టన్నుల రోలరుతో, పది సెంటీమీటర్లకు మించని పొరలుగా తొక్కించాలి. రోలరు అంచుల నుంచి మొదలై నడిమికి రావాలి. నడిమి నుంచి మొదలుపెడితే మట్టి పక్కలకు జరిగి, వాలు చెడుతుంది. ముప్పై సెంటీమీటర్ల మట్టి ఒకేసారి పోసి, ట్రాక్టరు టైర్లతోనే తొక్కించి బిల్లు చేసిన రోడ్డు ఒక్క వానాకాలం దాటితే గొప్ప.

ఇంత శ్రద్ధగా వేసినా గ్రావెల్ అరుగుతుంది. దుమ్ముగా లేచేది, వానకు కొట్టుకుపోయేది, చక్రాలకు ఎగిరి పక్కన పడేది కలిపి ఏటా సుమారు ఒకటి రెండు సెంటీమీటర్లు తగ్గుతుంది. ఇది చిన్నదిగా అనిపిస్తుంది. కిలోమీటరు పొడవున, 3.75 మీటర్ల వెడల్పున ఒక్క సెంటీమీటరు అంటే ముప్పైఏడున్నర ఘనపు మీటర్లు. ట్రక్కుకు మూడు ఘనపు మీటర్లనుకుంటే పన్నెండు ట్రక్కుల పైమాటే. కాబట్టి కొన్నేళ్లకొకసారి కొత్త గ్రావెల్ తప్పదు. అయితే ముందు వాలు సరిచేసి, కాలువ తీసి, ఆ తర్వాతే పోయాలి. మడుగులో పోసిన గ్రావెల్ మడుగును పూడ్చదు, బురదను పెంచుతుంది.

గ్రావెల్ రోడ్డు మీద రేకు ముడతల్లా వరుసగా అడ్డంగా పడే అలలు మీరందరూ చూసే ఉంటారు. బండి ఎక్కితే పళ్లు కదిలిపోతాయి. వీటి మీద 2007లో టాబర్లే, మోరిస్, మెక్‌ఎల్‌వేన్ అనే భౌతిక శాస్త్రవేత్తలు ఒక ప్రయోగం చేశారు. గుండ్రంగా తిరిగే ఇసుక పరుపు మీద రబ్బరు చక్రాన్ని దొర్లించారు. వేగం ఒక హద్దు దాటగానే అలలు వాటంతట అవే పుట్టాయి. చక్రానికి స్ప్రింగు పెట్టినా, తీసేసినా పుట్టాయి. అంటే తప్పు ఫలానా బండిది కాదు. వదులైన ఇసుక పొర, వేగం, ఈ రెండూ కలిస్తే అలలు తప్పవు. రోడ్డు ఎండి, జిగట దుమ్మై లేచిపోయిన చోట, బండ్లు బ్రేకులు వేసే మలుపుల దగ్గర ఇవి ముందు పడేది అందుకే. పైన కాస్త మట్టి చల్లి మూసేస్తే మళ్లీ వస్తాయి. అల అడుగుదాకా గీకి, తడిపి, జిగట తక్కువైతే కలిపి, మళ్లీ తొక్కించాలి.

గుంత పూడ్చడానికీ పద్ధతుంది. మొదట నీళ్లు తోడేయాలి. బురద తీసేయాలి. గుంతను చతురస్రంగా, గోడలు నిటారుగా వచ్చేలా కొట్టాలి. అడుగు కాస్త తడిపి, రోడ్డుకు వాడిన గ్రావెల్‌నే రెండు మూడు పొరలుగా వేసి, ఒక్కో పొరనూ దిమ్మిసతో గట్టిగా కొట్టాలి. పైపొర రోడ్డుకన్నా కొద్దిగా ఎత్తు ఉండాలి. నీళ్లున్న గుంతలో ఇటుక ముక్కలు, బండరాళ్లు వేసి పోతే పక్కనే మరో గుంత పడుతుంది.

అన్నిటికన్నా చవకైన మందు, తడి ఆరకముందే బ్లేడు వేయించడం. అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రంలో వార్డ్ కింగ్ అనే రైతు ఉండేవాడు. ఒక దుంగను నిలువునా చీల్చి, రెండు చెక్కలనూ ఒకదాని వెనక ఒకటి బిగించి, వాన వెలిశాక గుర్రాలు కట్టి మట్టి రోడ్డు మీద ఏటవాలుగా లాగించేవాడు. అంచుకు జరిగిన మట్టి మళ్లీ నడిమికి చేరేది, చాళ్లు పూడేవి, పైన గట్టి పొర కట్టేది. ఖర్చు దాదాపు ఏమీ లేదు. 1908లో అమెరికా వ్యవసాయ శాఖ ఆ పనిముట్టు మీద రైతుల కోసం ఒక చిన్న పుస్తకం వేసింది. మనకు ఇవాళ చాలా ఊళ్లలో బ్లేడు ట్రాక్టరుంది. కావలసింది సమయం ఎరగడం, ఓపిగ్గా నడపడం. మనిషి నడక కంటే కాస్త ఎక్కువ వేగం చాలు. బ్లేడును ఏటవాలుగా పెట్టి అంచు నుంచి నడిమికి లాగాలి. ఎండిన రోడ్డును గీకితే దుమ్మే మిగులుతుంది.

రైతులకు కార్తెలు తెలుసు గనుక రోడ్డు పనులను కార్తెల మీదనే చెబుతాను. రోహిణి కార్తెలో, మృగశిర రాకముందే, పక్క కాలువల్లో పూడిక తీయాలి, తూముల్లో చెత్త లాగేయాలి, మార్జిన్ గట్టు కొట్టేయాలి. తొలకరి జల్లులకు రోడ్డు మెత్తబడగానే ఒకసారి బ్లేడు వేయాలి. జోరు వానల్లో బరువు బండ్లు ఆపాలి. తడిసిన గ్రావెల్ రోడ్డు మీద ఒక్క లోడు లారీ ఒక్క రోజులో చేసే నష్టం వేసవి అంతా తిరిగిన మోటారుసైకిళ్లు చేయలేవు. చిత్త, స్వాతి కార్తెల్లో, వానలు వెనక్కి తగ్గి నేలలో తడి ఇంకా ఉండగానే, ఆ ఏటి ముఖ్యమైన మరమ్మతు చేసుకోవాలి. నెల్లూరు, చిత్తూరు వైపు ఈశాన్య రుతుపవనం ఆలస్యంగా వెళుతుంది గనుక అక్కడ ఇంకాస్త ఆగాలి.

ఇక మన చేతుల్లో ఉన్న ఒక అలవాటు. దమ్ము చేసే ట్రాక్టర్ల ఇనుప చక్రాలు, కేజ్ వీల్స్, పొలంలో నడవడానికి చేసినవి. వాటిని విప్పకుండా ఒక చేను నుంచి ఇంకో చేనుకు రోడ్డు మీద నడిపిస్తే తారు రోడ్డే చీలిపోతుంది, గ్రావెల్ రోడ్డు సంగతి చెప్పాలా? చక్రాలు విప్పి ట్రక్కులో వేసుకుని వెళ్లడానికి పట్టేది కాస్త సమయమే. పంచాయతీ తీర్మానం చేసి, ఊరంతా ఒప్పుకుని, ఇరుగుపొరుగు మాటతో అమలు చేయాల్సిన సంగతిది.

గ్రావెల్ అన్ని చోట్లా పనికిరాదని కూడా చెప్పాలి. కొండదారిలో వాలు నూటికి ఆరు దాటితే నీళ్లు గ్రావెల్‌ను నిలవనీయవు. అక్కడ ఆ ముక్క వరకైనా కాంక్రీటు వేయడమే లాభం. రోజూ ఇటుక లారీలు, కంకర టిప్పర్లు తిరిగే దారి గ్రావెల్‌తో ఆగదు. ఊరి నడిమి వీధిలో దుమ్ము పిల్లల ఊపిరితిత్తుల్లోకి పోతుంది, అక్కడా వద్దు. మిర్చి, పత్తి చేల పక్కన దుమ్ము ఆకుల మీద పేరుకుంటుంది. అలాంటి చోట తారు అడగడం న్యాయమే. కాని బాగా వేసి, బాగా కాపాడిన గ్రావెల్ రోడ్డు రేపటి తారు రోడ్డుకు పునాది అవుతుంది. గుంతలమయమైన దాని మీద తారు పోస్తే గుంతలకు నల్లరంగు వేసినట్టే.

ఉపాధి హామీ పనుల్లో మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఎన్నో గ్రావెల్ రోడ్లు పడ్డాయి. వేసిన రోడ్డుకు శిలాఫలకం ఉంటుంది, కాపాడిన రోడ్డుకు ఉండదు. అందుకే కొత్త రోడ్డుకు డబ్బులు దొరికినంత తేలిగ్గా కాలువ పూడిక తీయడానికి దొరకవు. ఆ తీరు మారాలి. ప్రతి పంచాయతీ తన బడ్జెట్లో రోడ్ల నిర్వహణకు, చిన్నదైనా సరే, ఏటా ఒక మొత్తం విడిగా పెట్టుకోవాలి. కిలోమీటరుకు ఒకరికి ఆ బాధ్యత అప్పజెప్పాలి. పార, పలుగు, దిమ్మిస ఇచ్చి, చేసిన పనికి కూలి ఇవ్వాలి.

శ్రోతలకు నా మనవి ఇదే. ఈసారి వాన పడుతున్నప్పుడు గొడుగు పట్టుకుని మీ ఊరి రోడ్డు మీద ఒక కిలోమీటరు నడవండి. నీళ్లు ఎక్కడ నిలుస్తున్నాయో, ఎక్కడ రోడ్డు వెంబడే పారుతున్నాయో, ఏ తూము నోరు మూసుకుపోయిందో ఒక కాగితం మీద రాసుకోండి. ఆ కాగితం పట్టుకుని గ్రామసభకు వెళ్లండి. నాలుగు ట్రక్కుల గ్రావెల్ అడగకముందు, ఆ నీళ్లకు దారి అడగండి.